యాక్సెస్ పాయింట్‌లో ట్రాఫిక్ లెక్కలు: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ టూల్స్‌లో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

కొన్నప్పుడు వచ్చిన ఫర్మ్‌వేర్‌తోనే (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) నడిచే మామూలు యాక్సెస్ పాయింట్‌లో స్టాటిస్టిక్స్ పేజీ తెరిస్తే కనిపించేవి సాధారణంగా నాలుగు అంకెలు: వచ్చిన ప్యాకెట్లు, వెళ్లిన ప్యాకెట్లు, ఎర్రర్లు, డ్రాప్‌లు. అవీ బూట్ అయినప్పటి నుంచి మొత్తంగా కూడినవి. నిన్న సాయంత్రం వైఫై ఎందుకు మొరాయించిందో, ఏ ఫోన్ ఎంత లాగిందో అందులో తెలియదు. రీస్టార్ట్ కొడితే ఆ నాలుగూ సున్నాకు వచ్చేస్తాయి.

ఈ లోటు తీర్చడానికి చాలామంది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తారు. 2004 నుంచి నడుస్తున్న ఈ ఉచిత లినక్స్ ఫర్మ్‌వేర్‌లో ట్రాఫిక్ చూడటానికి ఐదారు దారులున్నాయి. అన్నీ ఉచితమే, చాలావరకు బాగా రాసినవే. చిక్కల్లా ఒక్కటే. వాటిలో సగం రౌటర్ కోసం తయారైనవి. ఇంటర్నెట్ లైను వేరే గేట్‌వేలో ఉండి, ఈ పెట్టె కేవలం వైఫైని కేబుల్‌కు కలిపే పని చేస్తున్నప్పుడు ఆ సగం టూల్స్ ఖాళీ పేజీ చూపిస్తాయి. కొన్ని అంతకంటే ప్రమాదకరంగా, చూడ్డానికి సరిగ్గానే ఉన్న తప్పు అంకె చూపిస్తాయి. ఈ సమీక్షలో ప్రతి టూల్‌నూ ఆ ఒక్క కోణంలోనే చూస్తున్నాం: బ్రిడ్జిగా పనిచేసే యాక్సెస్ పాయింట్‌లో అది నిజం చెబుతుందా, లేదా?

ముందు ఈ రెండూ సరిచేయండి

పెట్టెను యాక్సెస్ పాయింట్‌గా మార్చేటప్పుడు అందరూ చేసే పనులు మూడు. ల్యాన్‌కు స్థిరమైన ఐపీ ఇస్తారు, పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేస్తారు, కేబుల్‌ను ల్యాన్ పోర్టులో పెడతారు. వైఫై పనిచేస్తుంది, అందరూ కనెక్ట్ అవుతారు. కానీ ల్యాన్ ఇంటర్‌ఫేస్‌లో గేట్‌వే, డీఎన్‌ఎస్ అడ్రసులు ఇవ్వడం మర్చిపోతే పెట్టెకు మాత్రం ఇంటర్నెట్ ఉండదు. వాడేవాళ్లకు ఏ తేడా తెలియదు కాబట్టి ఈ లోపం నెలల తరబడి దాక్కుంటుంది. ప్యాకేజీలు దిగవు, అది వెంటనే తెలిసిపోతుంది. అసలు నష్టం గడియారానిది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. బూట్ అయినప్పుడు ఈటీసీ ఫోల్డర్‌లో చివరగా మారిన ఫైలు తేదీని పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఇంటర్నెట్‌లో సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్ అందితేనే అసలు సమయానికి వస్తుంది. అందకపోతే ఇవాళ్టి ట్రాఫిక్ మూడు నెలల కిందటి తేదీ కింద చేరిపోతుంది. గ్రాఫ్ అందంగానే ఉంటుంది, తేదీలే అబద్ధం. కాబట్టి స్టాటిస్టిక్స్ ప్యాకేజీ వేసే ముందు స్టేటస్ పేజీలో లోకల్ టైమ్ సరిగ్గా ఉందో లేదో చూడండి.

రెండోది స్థలం. 8 ఎంబీ ఫ్లాష్ ఉన్న పాత పెట్టెల్లో గ్రాఫ్ ప్యాకేజీలన్నీ ఇరుగ్గా ఉంటాయి. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే హాయిగా పడతాయి. సిస్టమ్ మెనూలోని సాఫ్ట్‌వేర్ పేజీ పైభాగంలో ఎంత ఖాళీ ఉందో కనిపిస్తుంది, అది చూశాకే ముందుకు వెళ్లండి. ప్యాకేజీ వేశాక మెనూలో కొత్త పేజీ కనిపించకపోతే కంగారు పడొద్దు. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయితే వస్తుంది.

ఏ ఇంటర్‌ఫేస్ చూడాలి?

తప్పు లెక్కల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వైఫై, కేబుల్ పోర్టులు అన్నీ బీఆర్-ల్యాన్ అనే బ్రిడ్జిలో కలుస్తాయి. పేరు చూస్తే ట్రాఫిక్ మొత్తం దాని మీదుగానే పోతున్నట్టు అనిపిస్తుంది. అది నిజం కాదు. బ్రిడ్జి ఇంటర్‌ఫేస్ కౌంటర్‌లో పడేవి పెట్టెకు స్వయంగా వచ్చినవి, పెట్టె స్వయంగా పంపినవి, వాటితోపాటు బ్రాడ్‌కాస్ట్‌లు. ఫోన్ నుంచి వచ్చి నేరుగా కేబుల్ పోర్టు గుండా బయటికి పోయే ఫ్రేములు ఆ కౌంటర్‌ను తాకవు. రౌటర్‌లో అయితే ప్రతి ప్యాకెట్టూ పెట్టె దగ్గర ఆగి వెళ్తుంది కనుక బీఆర్-ల్యాన్ లెక్క సరిపోతుంది. యాక్సెస్ పాయింట్‌లో మాత్రం ఎవరో 300 ఎంబీపీఎస్‌తో సినిమా దించుకుంటున్నా బీఆర్-ల్యాన్ గ్రాఫ్ నేలను అంటుకునే ఉంటుంది. ‘గ్రాఫ్ పనిచేయడం లేదు’ అని ప్యాకేజీ తీసేసి మళ్లీ వేసేవాళ్లు చాలామందే ఉంటారు. ప్యాకేజీ తప్పేమీ లేదు, చూస్తున్న ఇంటర్‌ఫేసే తప్పు.

చూడాల్సింది రేడియో ఇంటర్‌ఫేస్‌ను. కొత్త వెర్షన్లలో దాని పేరు ఫై0-ఏపీ0, ఫై1-ఏపీ0 అని వస్తుంది, పాతవాటిలో డబ్ల్యూల్యాన్0, డబ్ల్యూల్యాన్1. ప్రతి ఎస్‌ఎస్‌ఐడీకి (వైఫై పేరుకు) విడి ఇంటర్‌ఫేస్ ఉంటుంది కాబట్టి అతిథుల వైఫై వేరే ఎస్‌ఎస్‌ఐడీలో పెడితే దాని లెక్క విడిగా వచ్చేస్తుంది, ఇంకేమీ చేయనక్కర్లేదు. అప్‌గ్రేడ్ చేసినప్పుడు పేర్లు మారితే పాత గ్రాఫ్ ఆగిపోయి కొత్తది ఖాళీగా మొదలవుతుంది. అప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త పేరు టిక్ చేయాలి.

దిశ కూడా తారుమారవుతుంది. ఇంటర్నెట్ లైనుకున్న వ్యాన్ పోర్టులో ఆర్‌ఎక్స్ (వచ్చినది) అంటే డౌన్‌లోడ్. రేడియో ఇంటర్‌ఫేస్‌లో అదే డౌన్‌లోడ్ టీఎక్స్ (పంపినది) కింద పడుతుంది, ఎందుకంటే యాక్సెస్ పాయింట్ దాన్ని ఫోన్‌కు పంపుతోంది. రెండు గ్రాఫ్‌లను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే ఎవరో విపరీతంగా అప్‌లోడ్ చేస్తున్నారనే అనుమానం అనవసరంగా పుడుతుంది.

రేడియో లెక్క, కేబుల్ పోర్టు లెక్క అచ్చంగా ఒకటి కావు. ఒకే వైఫైలో ఉన్న రెండు ఫోన్లు ఫైలు పంపుకుంటే అది గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, కేబుల్ పోర్టు ముఖం కూడా చూడదు. అలాగే పెట్టె వెనకున్న రెండు ల్యాన్ పోర్టుల మధ్య నడిచే ట్రాఫిక్‌ను లోపలి స్విచ్ చిప్ తానే దాటించేస్తుంది, ప్రాసెసర్‌కు తెలియనివ్వదు. అది కావాలంటే ఎథ్‌టూల్ అనే కమాండ్‌తో పోర్టు హార్డ్‌వేర్ కౌంటర్లు చదవాలి.

రియల్‌టైమ్ గ్రాఫ్‌లు

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సెట్టింగ్స్ చూపే లూసీ వెబ్ పేజీలో స్టేటస్ కింద ముందే ఉంటాయి, ఏమీ వేయక్కర్లేదు. 3 సెకన్లకో చుక్క, మొత్తం 3 నిమిషాల కిటికీ. ‘ఇప్పుడే ఆగిపోయింది’ అన్నప్పుడు చూడటానికి ఇంతకంటే త్వరగా అందేది లేదు. చరిత్ర దాచుకోదు కాబట్టి అంతకుమించి ఆశించకూడదు. కొలమానాలు కిలోబిట్లలోనూ కిలోబైట్లలోనూ రెండూ పక్కపక్కనే రాస్తుంది, స్పీడ్ టెస్టుతో పోల్చేటప్పుడు బిట్ల అంకెనే చూడండి.

అక్కడి వైర్‌లెస్ ట్యాబ్ మీద మాత్రం పెద్దగా ఆధారపడొద్దు. అందులో సిగ్నల్ గీత కనెక్ట్ అయిన అందరి సగటు. పక్క గదిలోని ల్యాప్‌టాప్ మైనస్ 45, గేటు దగ్గరి ఫోన్ మైనస్ 81 అయితే గీత మైనస్ 63 దగ్గర నిశ్చింతగా నడుస్తుంది. ఆ ఇద్దరిలో ఎవరికీ అది నిజం కాదు.

కలెక్ట్‌డీ గ్రాఫ్‌లు: యాక్సెస్ పాయింట్‌కు మొదటి ఎంపిక

లూసీ-యాప్-స్టాటిస్టిక్స్ ప్యాకేజీ వేస్తే దానితోపాటు అంకెలు సేకరించే కలెక్ట్‌డీ, వాటిని దాచి గ్రాఫ్ గీసే ఆర్‌ఆర్‌డీటూల్ వస్తాయి. ఇంటర్‌ఫేస్, ఐడబ్ల్యూఇన్ఫో (వైఫై వివరాలు చదివేది) ప్లగిన్లు రెండూ ఉన్నాయో లేదో చూసి, లేనిది వేసుకోండి. తర్వాత సెటప్ పేజీలో ఇంటర్‌ఫేస్ ప్లగిన్ తెరిచి బ్రిడ్జికి బదులు రేడియో ఇంటర్‌ఫేస్‌లు, కేబుల్ పోర్టు టిక్ చేయాలి. ఐడబ్ల్యూఇన్ఫోలో కూడా అవే రేడియోలు. 30 సెకన్ల విరామం అలాగే ఉంచొచ్చు. యాక్సెస్ పాయింట్ అవసరాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఏ గంటకు ఎంతమంది కనెక్ట్ అయ్యారు, అప్పుడు ఎంత ట్రాఫిక్ నడిచింది అనేవి ఒకే పేజీలో రోజు, వారం, నెల వారీగా వస్తాయి. స్టేషన్ల (కనెక్ట్ అయిన పరికరాల) సంఖ్య గ్రాఫ్‌నూ ట్రాఫిక్ గ్రాఫ్‌నూ కలిపి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది. జనం పెరిగినప్పుడు ట్రాఫిక్ కూడా పెరిగితే అది మామూలు రద్దీ. జనం పెరిగి ట్రాఫిక్ పడిపోతే రేడియో ఊపిరాడక ఉందని అర్థం.

దీన్ని వాడేటప్పుడు తెలిసి ఉండాల్సిన సంగతి సగటుల గురించి. ఆర్‌ఆర్‌డీ ఫైలు సైజు ఎప్పటికీ పెరగదు, పాత వివరాలను కలిపి కుదించుకుంటూ పోతుంది. రోజు గ్రాఫ్‌కు 144 వరుసలు కేటాయిస్తే ఒక్కో చుక్క 10 నిమిషాల సగటు. 300 ఎంబీపీఎస్‌తో 2 నిమిషాలు నడిచిన డౌన్‌లోడ్ ఆ గ్రాఫ్‌లో 60 ఎంబీపీఎస్ గుట్టలా కనిపిస్తుంది. వారం గ్రాఫ్‌లో అది దాదాపు మాయమైపోతుంది. శిఖరాలు కూడా నిలవాలంటే ఆర్‌ఆర్‌డీటూల్ సెటప్‌లో సగటులు మాత్రమే భద్రపరిచే ఆప్షన్ టిక్ తీసేయాలి. ఈ మార్పు కొత్తగా పుట్టే ఫైళ్లకే వర్తిస్తుంది. ఫైలు నిర్మాణం పుట్టుకతోనే ఖరారవుతుంది కనుక పాతవి తొలగించి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఈ నిర్ణయం మొదటిరోజే తీసుకోవడం మంచిది.

డేటా ఎక్కడ ఉంటుందన్నది రెండో సంగతి. మామూలుగా టీఎంపీ ఫోల్డర్‌లో ఉంటుంది, అంటే ర్యామ్‌లో. రీబూట్ అయితే పోతుంది. షట్‌డౌన్ సమయంలో బ్యాకప్ తీసి, లేచాక తిరిగి పెట్టే ఆప్షన్ ఉంది. కానీ అది పద్ధతిగా రీబూట్ చేసినప్పుడే పనిచేస్తుంది. కరెంటు పోతే బ్యాకప్ తీసే వ్యవధే ఉండదు. అలాగని డేటా ఫోల్డర్‌ను తిన్నగా లోపలి ఫ్లాష్‌కు మార్చేయకండి. 30 సెకన్లకోసారి పదుల ఫైళ్లు రాస్తూ పోతే ఆ చిన్న చిప్ ఆయుష్షు తరిగిపోతుంది. దాని అవసరం ఫర్మ్‌వేర్‌కే ఎక్కువ. యూఎస్‌బీ పోర్టు ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టి ఫోల్డర్ అటు మార్చొచ్చు. అందులోనూ ఒక గుంట ఉంది: బూట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్ మౌంట్ అవకముందే కలెక్ట్‌డీ లేచిందంటే డేటా అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లో, అంటే మళ్లీ లోపలి ఫ్లాష్‌లోనే పడుతుంది. తర్వాత మౌంట్ అయిన పెన్‌డ్రైవ్ దాన్ని కప్పేస్తుంది. ఫ్లాష్ ఎందుకు నిండిందో అంతుబట్టదు. రీబూట్ చేసి, పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ల సమయం ముందుకు కదులుతోందో లేదో ఒకసారి చూసుకుంటే ఈ బెడద ఉండదు.

గ్రాఫ్ బొమ్మలను పెట్టెలోని ప్రాసెసరే గీస్తుంది. ఒకే కోర్ ఉన్న పాత పెట్టెలో నెల గ్రాఫ్‌ల పేజీ తెరిస్తే కొన్ని సెకన్లు బరువుగా నడుస్తుంది. రద్దీ సమయంలో ఆ పేజీని రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటే కొలిచేదాన్నే చెడగొట్టినట్టు.

వీఎన్‌స్టాట్: నెల మొత్తం ఎంత?

రోజుకు ఎన్ని జీబీలు, నెలకు ఎన్ని అన్న ప్రశ్నకు వీఎన్‌స్టాట్ మించింది లేదు. ప్యాకెట్లను తడమదు, కెర్నల్ (లినక్స్ మూలభాగం) కౌంటర్లను చదివి తేడా రాసుకుంటుంది. అందుకే చాలా తేలిక. రెండో తరం వెర్షన్ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడుతుంది. 5 నిమిషాలు, గంట, రోజు, నెల, సంవత్సరం వారీగా చూపిస్తుంది. బ్రిడ్జిని వదిలి రేడియో ఇంటర్‌ఫేస్‌లను జోడిస్తే యాక్సెస్ పాయింట్‌లోనూ నిజమే చెబుతుంది. డేటాబేస్ ఉండే వార్ ఫోల్డర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో టీఎంపీకే లింకు, కాబట్టి పైన చెప్పిన ర్యామ్ సమస్య దీనికీ వర్తిస్తుంది.

వేగమైన వైఫైలో దీనికి ఒక బలహీనత ఉంది. గరిష్ఠ వేగం ఇంతకు మించదన్న పరిమితి ఒకటి పెట్టుకుని, అంతకు మించిన లెక్క వస్తే నమ్మకుండా పక్కన పడేస్తుంది. కేబుల్ పోర్టుకైతే లింకు వేగం కెర్నల్ చెబుతుంది. రేడియోకు అలాంటి స్థిరమైన అంకె ఉండదు కనుక కాన్ఫిగ్‌లోని మ్యాక్స్‌బ్యాండ్‌విడ్త్ విలువనే తీసుకుంటుంది, అది మామూలుగా 1000 ఎంబిట్లు. 160 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో నడిచే కొత్త రేడియో దాన్ని దాటగలదు. అలాంటి పెట్టెలో ఆ విలువ పెంచుకోండి. లేకపోతే అత్యంత రద్దీగా ఉన్న నిమిషాలే లెక్కలోంచి జారిపోతాయి.

యూనిట్ల తేడా కూడా ఉంది. వీఎన్‌స్టాట్ మామూలుగా 1024 లెక్కన చూపిస్తుంది. 1000 లెక్కన చూపే మరో పరికరంతో పోలిస్తే జీబీ దగ్గర 7 శాతానికి పైగా తేడా రావడం సహజం. అది లీకేజీ కాదు.

ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్: మంచిదే, కానీ ఇక్కడ కాదు

‘ఎవరు ఎంత వాడారు’ అని వెతికితే అందరూ సూచించేది దీన్నే. రౌటర్‌లో నిజంగా చక్కటి టూల్. ఒక్కో పరికరం, ఒక్కో ప్రోటోకాల్ వారీగా గుండ్రటి చార్టులతో చూపిస్తుంది. అయితే ఇది కెర్నల్‌లోని కాన్‌ట్రాక్ పట్టిక (నడుస్తున్న కనెక్షన్ల జాబితా) మీద ఆధారపడుతుంది. రౌట్ అయ్యే కనెక్షన్లు, నాట్ అయ్యేవి (అడ్రసు మార్చి పంపేవి), పెట్టెతోనే నేరుగా నడిచేవి మాత్రమే ఆ పట్టికలో చేరతాయి. బ్రిడ్జి మీదుగా దాటిపోయే ఫ్రేములు మామూలుగా చేరవు. ఫలితంగా యాక్సెస్ పాయింట్‌లో ఈ పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది, లేదా మీరు లూసీ పేజీ తెరిచిన కొద్దిపాటి ట్రాఫిక్‌నే గొప్పగా చార్టు గీసి చూపిస్తుంది. ల్యాప్‌టాప్ 4 ఎంబీ వాడిందని అది చెబితే, ఆ 4 ఎంబీ యాక్సెస్ పాయింట్ సెట్టింగ్స్ పేజీలే అయి ఉంటాయి.

బ్రిడ్జి ట్రాఫిక్‌ను కాన్‌ట్రాక్‌కు చూపించే కెర్నల్ మాడ్యూల్ ఉంది. అది వేస్తే ప్రతి ఫ్రేమూ ఫైర్‌వాల్ గుండా పోవాలి, చిన్న ప్రాసెసర్ మీద వేగం పడిపోతుంది. లెక్కల కోసం వైఫైనే నెమ్మది చేసుకోవడం సబబు కాదు. ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్‌ను గేట్‌వేలో వేయండి, దాని చోటు అదే. అక్కడ హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ప్రాసెసర్‌ను తప్పించుకుని పోతాయి కాబట్టి లెక్క తక్కువ రావచ్చు, అది కూడా చూసుకోవాలి. ఒక మినహాయింపు: అతిథుల ఎస్‌ఎస్‌ఐడీకి యాక్సెస్ పాయింట్‌లోనే వేరే సబ్‌నెట్ ఇచ్చి నాట్ చేస్తుంటే ఆ అతిథుల వరకు ఇది సరిగ్గానే పనిచేస్తుంది.

అసలు నిధి: స్టేషన్ డంప్, సర్వే డంప్

వెబ్ పేజీల్లో కనిపించని ఉత్తమ సమాచారం ఐడబ్ల్యూ అనే కమాండ్‌లో ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో (కమాండ్లు టైప్ చేసే దూరపు లాగిన్) లాగిన్ అయి రేడియో ఇంటర్‌ఫేస్ మీద స్టేషన్ డంప్ అడిగితే కనెక్ట్ అయిన ప్రతి పరికరానికీ ఒక చిట్టా వస్తుంది: బైట్లు, ప్యాకెట్లు, టీఎక్స్ రిట్రైలు (మళ్లీ పంపినవి), టీఎక్స్ ఫెయిల్డ్, సిగ్నల్, రెండు దిశల్లో బిట్‌రేట్, కనెక్ట్ అయి ఎన్ని సెకన్లు. పరికరాల వారీ లెక్కకు బ్రిడ్జి యాక్సెస్ పాయింట్‌లో నమ్మదగిన చోటు ఇదే.

ఒక చిట్టాను దగ్గరగా చూద్దాం. ఒక ఫోన్ కనెక్ట్ అయి 5400 సెకన్లు. టీఎక్స్ బైట్లు 21 కోట్లు, అంటే 210 ఎంబీ. సిగ్నల్ మైనస్ 79 డీబీఎం. టీఎక్స్ బిట్‌రేట్ 6.5 ఎంబిట్లు. గంటన్నరలో 210 ఎంబీ అంటే సగటున 0.3 ఎంబీపీఎస్. ట్రాఫిక్ గ్రాఫ్‌లో ఈ ఫోన్‌ను ఎవరూ పట్టించుకోరు. కానీ 168 కోట్ల బిట్లను 6.5 ఎంబిట్ల వేగంతో పంపడానికి గాలిలో కనీసం 258 సెకన్లు పడుతుంది. అదే 210 ఎంబీని 866.7 ఎంబిట్ల లింకులో ఉన్న ల్యాప్‌టాప్‌కు పంపడానికి 2 సెకన్లు చాలు. రెండింటికీ ఓవర్‌హెడ్, రిట్రైలు అదనం, వాటిలోనూ బలహీనమైన సిగ్నల్ ఉన్నవాడే ఎక్కువ తింటాడు. గాలి అందరికీ ఒకటే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. బైట్ల లెక్కలో సమానంగా కనిపించే ఇద్దరు ఎయిర్‌టైమ్ (గాలిని వాడుకున్న సమయం) లెక్కలో వంద రెట్లు వేరు కావచ్చు. యాక్సెస్ పాయింట్‌లో ట్రాఫిక్ స్టాటిస్టిక్స్ చూడటమంటే చివరికి ఇది చూడటమే, మిగతా గ్రాఫ్‌లు ఇక్కడికి దారి చూపడానికే పనికొస్తాయి.

రిట్రైలను టీఎక్స్ ప్యాకెట్లతో భాగించి చూడండి. 80,000 ప్యాకెట్లకు 36,000 రిట్రైలు అంటే 45 శాతం. అది రోగమే. పది శాతం లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఒక జాగ్రత్త: డ్రైవర్లన్నీ రిట్రైలను ఒకేలా లెక్కించవు, కొన్ని చిప్‌లలో ఈ పని లోపలి ఫర్మ్‌వేర్ చూసుకుని సున్నానే చూపిస్తుంది. అందుకే వేర్వేరు మోడళ్ల మధ్య పోల్చకండి, అదే పెట్టెలో నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చండి. పరికరం డిస్‌కనెక్ట్ అయి మళ్లీ వస్తే దాని కౌంటర్లన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. కాబట్టి ఒకసారి తీసిన డంప్‌తో ‘ఈ నెల వాడకం’ చెప్పలేం.

పక్కనే ఉండే సర్వే డంప్ ఛానెల్ సంగతి చెబుతుంది. వాడుతున్న ఫ్రీక్వెన్సీ కింద యాక్టివ్ టైమ్, బిజీ టైమ్, రిసీవ్ టైమ్, ట్రాన్స్‌మిట్ టైమ్ మిల్లీసెకన్లలో ఉంటాయి. ఇవీ పెరుగుతూ పోయే కౌంటర్లే. రెండుసార్లు తీసి తేడా చూడాలి. నిమిషం వ్యవధిలో యాక్టివ్ 60,000 పెరిగి, బిజీ 42,000 పెరిగితే ఛానెల్ 70 శాతం నిండి ఉంది. అందులో ట్రాన్స్‌మిట్ 9,000 మాత్రమే అయితే రద్దీకి కారణం మీ డౌన్‌లోడ్‌లు కాదు. రిసీవ్ టైమ్‌లో మీ ఫోన్లవే కాకుండా అదే ఛానెల్‌లోని పక్కవాళ్ల ఫ్రేములు కూడా కలిసి ఉండొచ్చు. కొన్ని చిప్‌లు మన నెట్‌వర్క్ వాటాను బీఎస్‌ఎస్ రిసీవ్ టైమ్ అని విడిగా చూపిస్తాయి, ఉంటే అదృష్టమే. ట్రాన్స్‌మిట్, రిసీవ్ రెండూ తీసేశాక కూడా బిజీ చాలా మిగిలితే అది వైఫై కాని గోల, లేదా చదవలేనంత దూరపు వైఫై. అప్పుడు ఛానెల్ మార్చడమే మందు, లైను స్పీడ్ పెంచుకుంటే ఏమీ ఒరగదు.

బైట్ల గ్రాఫ్‌లో ఎప్పటికీ కనిపించని మరో ఖర్చు బీకన్లు, అంటే వైఫై తన ఉనికిని చాటే చిన్న సందేశాలు. ప్రతి ఎస్‌ఎస్‌ఐడీ 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ పంపుతుంది. 300 బైట్ల బీకన్ 1 ఎంబిట్ వేగంతో పోతే 2.6 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే గాలిలో 2.5 శాతం. నాలుగు ఎస్‌ఎస్‌ఐడీలు పెడితే ఎవరూ ఏమీ వాడకుండానే 10 శాతం పోయినట్టు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సెట్టింగ్స్‌లో పాత 802.11బీ రేట్లను అనుమతించే టిక్ తీసేస్తే బీకన్ 6 ఎంబిట్లకు మారి అర మిల్లీసెకన్ లోపు ముగుస్తుంది. ట్రాఫిక్ తగ్గించకుండా వైఫైని బాగుచేసే మార్పుల్లో ఇంత తేలికైనది ఇంకొకటి లేదు.

బయటికి పంపి భద్రపరచాలంటే

రెండు మూడు యాక్సెస్ పాయింట్లు ఉన్నచోట పెట్టెలోనే గ్రాఫ్‌లు గీయడం మానేసి, వేరే కంప్యూటర్‌లో ప్రోమిథియస్ (అంకెలు సేకరించి భద్రపరిచే సాఫ్ట్‌వేర్) నడపడం ఉత్తమం. ర్యామ్, ఫ్లాష్, కరెంటు కష్టాలన్నీ ఒక్క దెబ్బకు తీరతాయి. యాక్సెస్ పాయింట్‌లో దానికి అంకెలు అందించే, లువా భాషలో రాసిన నోడ్ ఎక్స్‌పోర్టర్ ప్యాకేజీ, దానికి వైఫై, వైఫై స్టేషన్స్ అనే అదనపు ప్యాకేజీలు వేయాలి. 9100 పోర్టులో వింటుంది. వేయగానే బయటి నుంచి అందదు, ఎందుకంటే మొదట లూప్‌బ్యాక్ (పెట్టె లోపలికే పరిమితమైన ఇంటర్‌ఫేస్) మీదే వింటుంది. కాన్ఫిగ్‌లో వినే ఇంటర్‌ఫేస్‌ను ల్యాన్‌గా మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. కౌంటర్ సున్నాకు పడిపోయినా ప్రోమిథియస్‌లోని రేట్, ఇంక్రీజ్ ఫంక్షన్లు దాన్ని గుర్తించి సర్దుకుంటాయి, పైన చెప్పిన రీకనెక్ట్ సమస్యకు ఇదే సరైన జవాబు. ఈ పోర్టుకు పాస్‌వర్డ్ ఉండదు, అతిథుల నెట్‌వర్క్ నుంచి దాన్ని మూసేయడం మర్చిపోవద్దు. ఎవరి పరికరం ఏ సమయంలో అక్కడ ఉందో ఈ డేటా చెప్పేస్తుంది. దాచుకునే ముందు ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పడం మర్యాద, ఎన్ని రోజులు ఉంచాలో పరిమితి పెట్టుకోవడం ఇంకా మంచిది.

పరికరాల వారీ చరిత్రకు ఇప్పుడు మరో అడ్డంకి మారే మ్యాక్ అడ్రసులు (పరికరం గుర్తింపు సంఖ్యలు). ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత మ్యాక్ వాడుతున్నాయి. అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది అలాంటిదే. నెట్‌వర్క్‌ను తీసేసి మళ్లీ జోడిస్తే ఒకే ఫోన్ రెండు పేర్లతో జాబితాలో చేరే వీలుంది. సొంత పరికరాల్లో ఈ నెట్‌వర్క్ వరకు ఆ సదుపాయం ఆపుకుంటే లెక్క నిలకడగా ఉంటుంది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టని కార్పొరేట్ తరహా యాక్సెస్ పాయింట్లకు నెట్‌వర్క్ పరికరాల అంకెలను దూరం నుంచి చదివే ఎస్‌ఎన్‌ఎంపీయే దారి. అక్కడ ఒకే ఒక్క హెచ్చరిక. పాత 32 బిట్ల ఆక్టెట్ (బైట్ల) కౌంటర్ సుమారు 429 కోట్ల బైట్ల దగ్గర చుట్టుతిరిగి సున్నాకు వస్తుంది. 100 ఎంబీపీఎస్ నిలకడగా నడిస్తే అది 343 సెకన్లలో, 1000 ఎంబీపీఎస్‌లో 34 సెకన్లలో జరిగిపోతుంది. 5 నిమిషాలకోసారి చదివే సాఫ్ట్‌వేర్‌కు మధ్యలో అది ఎన్నిసార్లు చుట్టుతిరిగిందో తెలిసే మార్గం లేదు. పేరులో హెచ్‌సీ ఉన్న 64 బిట్ల కౌంటర్లనే చదివించండి. వాటికి ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షన్ గానీ మూడోది గానీ కావాలి, మొదటి వెర్షన్‌లో 64 బిట్ల కౌంటరే లేదు.

లెక్క సరైందో కాదో తేల్చుకోవడం

ఏ టూల్ పెట్టినా ఒకసారి పరీక్షించి చూడాలి. మిగతా పరికరాల వైఫై ఆపేసి, రేడియో ఇంటర్‌ఫేస్ టీఎక్స్ బైట్లు రాసుకోండి. కేబుల్‌కు కలిపిన కంప్యూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు సరిగ్గా సైజు తెలిసిన ఒక పెద్ద ఫైలు, 100 కోట్ల బైట్లది, కాపీ చేయండి. ఆ తర్వాత టీఎక్స్ మళ్లీ చూస్తే 104 నుంచి 105 కోట్లు పెరిగి ఉండాలి. 1514 బైట్ల ఫ్రేములో అసలు డేటా 1448 బైట్లే, మిగతావి హెడర్లు, అందుకే ఆ నాలుగున్నర శాతం. అంతకంటే బాగా తక్కువ వస్తే తప్పు ఇంటర్‌ఫేస్ చూస్తున్నారు, లేదా ఏదో ఆఫ్‌లోడ్ కౌంటర్‌ను దాటేస్తోంది. బాగా ఎక్కువ వస్తే వెనక ఇంకో డౌన్‌లోడ్ నడుస్తోంది. గాలిలో జరిగిన రిట్రైలు ఈ బైట్లలో కలవవు కనుక సిగ్నల్ బలహీనంగా ఉన్నా ఈ లెక్క మారకూడదు. వేగం కొలిచే ఐపెర్ఫ్3తో చూడాలనుకుంటే దాని సర్వర్‌ను యాక్సెస్ పాయింట్‌లో నడపకండి, కేబుల్ కంప్యూటర్‌లో నడపండి. చిన్న ప్రాసెసర్ తానే ప్యాకెట్లు పుట్టిస్తూ తానే పంపాల్సి వస్తే వేగం పడిపోతుంది, పైగా ఆ ట్రాఫిక్ బ్రిడ్జి కౌంటర్‌లో కూడా కనిపించి తప్పు ఇంటర్‌ఫేస్‌నే సరైనదని నమ్మిస్తుంది.

ఒక్క యాక్సెస్ పాయింట్ ఉండి, యూఎస్‌బీ పోర్టు ఉంటే కలెక్ట్‌డీ, వీఎన్‌స్టాట్ రెండూ పెన్‌డ్రైవ్ మీద పెట్టుకోండి. యూఎస్‌బీ లేకపోతే కలెక్ట్‌డీని ర్యామ్‌లోనే ఉంచి, పోయినా ఫర్వాలేదనుకోండి, లేదా అదే కలెక్ట్‌డీ నెట్‌వర్క్ ప్లగిన్‌తో మరో కంప్యూటర్‌కు పంపండి. 8 ఎంబీ పెట్టెలో వీటి జోలికి పోకుండా ఎక్స్‌పోర్టర్ ఒక్కటే వేయడం మేలు.